మిరప వేరుకీ బూజుకీ ఉన్న చుట్టరికం, మధ్యలో డీఏపీ బస్తా

అన్నలూ, తమ్ముళ్లూ, మట్టి పరీక్ష కార్డు చేతికొచ్చింది. భాస్వరం దగ్గర "ఎక్కువ" అని ఉంది. జింక్ దగ్గర "తక్కువ" అని ఉంది. కార్డు పట్టుకుని గట్టు మీద చాలాసేపు కూర్చున్నా. ఎందుకంటే పోయినేడు అదే చేలో చిగుళ్లు చిన్నవైపోయి, ఆకు ఈనెల మధ్య పసుపెక్కి మొక్క నిలబడిపోతే నేను చేసిన పనేంటో తెలుసా? ఇంకో బస్తా డీఏపీ ఏశా. దుక్కిలో రెండు, నాటాక ఒకటి, ఇదొకటి. మొత్తం నాలుగు. కాయ పొడవు రాలేదు, రంగు ఒకే తీరుగా రాలేదు. యార్డులో టిక్కీ విప్పి గుప్పెడు కాయ తీసి చూసినాయన ఇంకో మాట లేకుండా మీడియం అన్నాడు. డీలక్స్ రేటుకీ మీడియం రేటుకీ తేడా ఎంతుంటదో మీకు నేను చెప్పాలా.

బలం ఎక్కువైతే మొక్కకి ఆకలి ఎందుకవుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని చలికాలమంతా చదివా. జవాబు ఎరువుల కొట్లో లేదు, చరిత్రలో ఉంది. పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ముందు మిరప సంగతి. మన తాతలకి తాతలు మిరపకాయ ఎరగరు. కారానికి మిరియమే. మిరప అనే పేరు కూడా ఆ మిరియం నుంచి వచ్చిందే. కొలంబస్ 1492లో బయల్దేరింది మిరియాల దేశం వెతుక్కుంటూ, దొరికింది అమెరికా, అక్కడ కనపడింది మిరపకాయ. మెక్సికోలో టెహువాకాన్ లోయ గుహల్లో వేల ఏళ్ల నాటి మిరప ఆనవాళ్లు దొరికాయి. అక్కడి రైతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మధ్య మిరప పెట్టేవాళ్లు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఆ విత్తనం మన తీరానికి చేరింది. ఇవాళ గుంటూరు సన్నం అని మనం మీసం మెలేసే కాయ పుట్టిల్లు సముద్రానికి అవతల ఉందన్నమాట.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. విత్తనం ఓడెక్కి వచ్చింది గానీ, దాని వేరుకి తోడుండే నేల బూజు మాత్రం ఓడెక్కాల్సిన పని లేకపోయింది. అది అప్పటికే మన నేలలో ఉంది. జొన్న వేళ్లలో, కంది వేళ్లలో, పెసర వేళ్లలో కాపురం ఉంది. ఆ బూజుకి ఫలానా మొక్కే కావాలన్న పట్టింపు తక్కువ. కొత్తగా వచ్చిన మిరపని కూడా చేరదీసింది. స్కాట్లాండులో రైనీ అనే ఊరి దగ్గర రాయిగా మారిపోయిన మొక్కలు దొరికాయి, వయసు సుమారు 40 కోట్ల ఏళ్లు. వాటిలోనూ ఈ జాతి బూజు ఉందని 1994లో బయటపెట్టారు. అంటే మొక్కలు నేల మీద కుదురుకుంటున్న రోజుల నుంచీ ఉన్న చుట్టరికం ఇది.

మనిషికి ఈ సంగతి తెలిసింది మాత్రం మొన్నమొన్నే. అదీ రాజుగారి తిండి యావ పుణ్యమా అని. జర్మనీలో ప్రష్యా రాజ్యం వాళ్లకి ట్రఫుల్ అని ఒకటుంది, చెట్ల కింద మట్టిలో పెరిగే పుట్టగొడుగు లాంటిది, చాలా ఖరీదు. దాన్ని సాగు చెయ్యడం ఎలాగో చూడమని ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్తకి అప్పజెప్పారు. ఆయన ట్రఫుల్ సాగు తేల్చలేకపోయాడు. కానీ చెట్ల వేళ్లు తవ్వి చూస్తే ప్రతి సన్నవేరుకీ బూజు తొడుగులా పట్టి ఉంది, చెట్టు మాత్రం శుభ్రంగా ఉంది. ఇది తెగులు కాదు, పొత్తు అని 1885లో రాశాడు. మైకోరైజా అని పేరు పెట్టాడు, బూజు వేరు అని అర్థం. చాలామంది నమ్మలేదు. బూజంటే కుళ్లే కదా అన్నారు. మనమూ ఇవాళ్టికీ అదే అంటున్నాం.

మన మిరపలో ఉండేది ఇంకో రకం. వేరు మీద కనపడదు, వేరు లోపలికి దూరి కణాల్లో చిన్న చిన్న చెట్టు కొమ్మల్లా విచ్చుకుంటుంది. మొక్క దానికి చక్కెర ఇస్తుంది. ఆకు తయారుచేసిన పిండిపదార్థంలో నూటికి నాలుగు నుంచి ఇరవై వంతుల దాకా ఈ బూజుకే పోతుందని లెక్క. బదులుగా అది దారాలు పంపి భాస్వరం, జింక్, రాగి తెచ్చిపెడుతుంది. ఎందుకంత కూలి ఇవ్వాలంటారా? భాస్వరం నేలలో నత్రజని లాగా నీళ్లతో పరిగెత్తదు. వేసినచోటే అతుక్కుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర తినేశాక, పక్కనే ఉన్నా అందదు. వేరు కంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండే బూజు దారం మట్టి రేణువుల సందుల్లోంచి దూరి కొన్ని సెంటీమీటర్ల అవతల నుంచి మోసుకొస్తుంది. మన ముఠా కూలీలు లాంటిదే. బస్తా ఉన్నచోటికి లారీ పోలేకపోతే మనిషి పోయి ఎత్తుకొస్తాడు.

ఇప్పుడు బస్తా కథ. 1842లో ఇంగ్లాండులో జాన్ బెన్నెట్ లాస్ అనే భూస్వామి ఎముకల్ని, భాస్వరపు రాళ్లని గంధకామ్లంలో నానబెట్టి సూపర్ ఫాస్ఫేట్ చేసి పేటెంటు తీసుకున్నాడు. మరుసటేడు తన రోథమ్‌స్టెడ్ పొలంలోనే ప్రయోగాలు మొదలెట్టాడు. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఎరువు మహత్యం చిన్నది కాదు, ఆ మాట నేను ఒప్పుకుంటా. భాస్వరం నిజంగా లేని నేలల్లో గింజ రాసులు పోసింది. మన వైపు 1906లో రాణిపేటలో సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ పెట్టారు. 1951లో సింద్రీ వచ్చింది. 1967లో విశాఖలో కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారం మొదలైంది. మా నాన్న వాళ్ల తరానికి 28-28 అంటే ఇంట్లో మనిషి పేరులాంటిది. పెంట బండ్లు తోలే బాధ తప్పింది, పంట కళ్ల ముందు పెరిగింది. వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

అదే కాలంలో ఒక తెల్లాయన మన దేశంలోనే కూర్చుని వేరే మాట చెప్పాడు. ఆల్బర్ట్ హోవర్డ్. 1905లో బీహార్ పూసా కేంద్రానికి వచ్చి, తర్వాత ఇండోర్‌లో పనిచేశాడు. మన రైతులు పేడ, చెత్త, ఆకు అలము కలిపి వేసే పద్ధతి చూసి దాన్నే సవరించి ఇండోర్ కంపోస్టు పద్ధతి అన్నాడు. 1940లో రాసిన పుస్తకంలో ఈ వేరు బూజుకి పెద్ద పీట వేశాడు. నా లెక్క ప్రకారం హోవర్డ్ సగం ఒప్పు. బూజు ముఖ్యం అన్నది నిజమైంది. మొక్క ఆ బూజుని అరిగించుకుని మాంసకృత్తులు తీసుకుంటుందని ఆయన నమ్మిన తీరు నిలబడలేదు. అసలు పని భాస్వరం మొయ్యడం అని తర్వాతే తేలింది.

తేల్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది బార్బరా మోస్ అనే ఆమె. 1953లో స్ట్రాబెర్రీ వేళ్ల దగ్గర ఈ బూజు విత్తుల్ని పట్టుకుంది, 1957లో ఆపిల్ మొలకలకి బూజు ఎక్కించి, అవి ఎక్కువ పెరిగినట్టు చూపించింది. తర్వాత ఆమె పనిచేసింది ఎక్కడో తెలుసా? రోథమ్‌స్టెడ్‌లోనే. సూపర్ ఫాస్ఫేట్ పుట్టిన పొలంలోనే! 1973లో ఆమె అక్కడి నుంచి రాసిన పరిశోధనలో, భాస్వరం ఎక్కువ వేసేకొద్దీ వేళ్లలో బూజు తగ్గిపోతోందని స్పష్టంగా ఉంది. మొక్క ఆలోచన మన ఆలోచన లాంటిదే అన్నా. గుమ్మంలోకే సరుకు వస్తుంటే మోసేవాడికి కూలి ఎందుకివ్వాలి? మానేస్తుంది.

అయితే ఆ కూలోడు భాస్వరం ఒక్కటే మోసేవాడు కాదు కదా. జింక్, రాగి కూడా వాడే తెచ్చేవాడు. నేల బూజున్న మొక్కలకి భాస్వరం పెంచితే జింక్, రాగి తగ్గిపోవడంలో ఈ బూజు పాత్ర ఉందని 1979లో అమెరికా వాళ్లు చూపించారు. ఇది చదివినప్పుడు నేను పోయినేడు వేసిన నాలుగో బస్తా కళ్ల ముందు కదిలింది. జింక్ లేక పసుపెక్కిన మొక్కకి, జింక్ మోసేవాణ్ణి ఇంకా దూరం తరిమే మందు పోశా.

ఇంకో కథ వినండి, ఇది నారుమళ్లకి సంబంధించింది. అమెరికాలో నిమ్మజాతి నర్సరీలు తెగుళ్లు రాకుండా మట్టికి విషవాయువు పట్టించి శుభ్రం చేసేవి. తీరా విత్తనం వేస్తే మొలకలు గిడసబారిపోయేవి. మందు విషం ఇంకా మట్టిలో ఉండిపోయిందేమో అనుకున్నారు. 1972లో గెర్డెమాన్, ఆయన సహచరుడు క్లైన్‌ష్మిట్ అసలు సంగతి చెప్పారు: విషం కాదు, బూజు చచ్చిపోవడమే కారణం. బూజు మళ్లీ ఎక్కిస్తే మొక్క లేచింది. ఇప్పుడు మన షేడ్‌నెట్ నారు గుర్తు తెచ్చుకోండి. ట్రేలో కొబ్బరి పొట్టు, నీళ్లలో కలిపిన ఎరువు, వారం వారం శిలీంధ్ర నాశిని. నారు నిగనిగలాడుతుంది, ఒకే ఎత్తు ఉంటుంది, చనిపోయేవి తక్కువ. అందుకే నేనూ కొంటున్నా, మానను. కానీ ఆ వేరు పుట్టి బుద్ధెరిగాక చేలో మట్టి ముట్టుకునేదాకా బూజు మొహం చూడలేదు. పాత మట్టి నారుమడిలో పెరిగిన నారు చుట్టాన్ని వెంటబెట్టుకునే చేలోకి వచ్చేది.

ఇది నా ఊహ కాదు. మన మిరప మీదే, మన పక్క రాష్ట్రంలోనే పని జరిగింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డి.జె. బాగ్యరాజ్, కె.ఆర్. శ్రీరాములు నారు దశలోనే బూజు ఎక్కించి మిరప నాటి చూశారు. ప్రధాన పొలంలో పెరుగుదల, దిగుబడి పెరిగాయనీ, భాస్వరం ఎరువు ఆదా అయిందనీ 1982లో అచ్చువేశారు. అప్పుడు నేను బడికి కూడా పోవట్లేదు. నలభై ఏళ్ల పైన ఆ కాగితం ఉంది. మన ఎరువుల కొట్టు దాకా ఎందుకు రాలేదు? భాస్వరం తగ్గించుకోమని చెప్పే సరుకుకి కమీషన్ ఎవరిస్తారు!

కొట్టాయన్ని ఒక్కణ్ణే అనడం కూడా న్యాయం కాదు. లెక్క మన చేతిలోనే ఉంది. నీటి వసతి కింద మిరపకి మన విశ్వవిద్యాలయం సిఫారసు ఎకరాకి 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. డీఏపీ బస్తా 50 కిలోలు, అందులో భాస్వరం నూటికి 46 వంతులు, అంటే 23 కిలోలు. ఎకరం మిరప మొత్తానికీ కావలసింది ఒక్క బస్తా! నేను వేసింది నాలుగు. బస్తా 1350 చొప్పున మూడు బస్తాలు దండగ, 4050 రూపాయలు. కౌలు చేసే తమ్ముడికి అది చిన్న సొమ్ము కాదు. అదిపోగా ప్రతి ఏడూ వేసిన మిగులు భాస్వరం ఎక్కడికీ పోదు, నేలలోనే పోగుపడుతుంది. నా కార్డు మీద "ఎక్కువ" అని పడ్డది నాన్న వేసినదీ నేను వేసినదీ కలిపి.

నల్లరేగడి వాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండులో మనలాంటి నల్లరేగడి నేలలున్నాయి. అక్కడ చేను ఏడాదికి పైగా ఖాళీగా పెట్టి, తర్వాత పంట వేస్తే భాస్వరం, జింక్ లోపాలతో పంట కునారిల్లేది. నేల విశ్రాంతి తీసుకుంది కదా, బలంగా ఉండాలి కదా అని వాళ్లకీ అర్థం కాలేదు. థాంప్సన్ అనే శాస్త్రవేత్త 1987లో కారణం చెప్పాడు: వేరు లేని నేలలో బూజుకి తిండి లేదు, అందుకే చచ్చిపోతోంది. కాబట్టి మిరపకి ముందు చేలో జొన్నో, పెసరో, జనుమో, పిల్లిపెసరో ఏదో ఒక వేరు ఉండటం మేలు. ఆవ, క్యాబేజీ జాతి వేళ్లలో ఈ బూజు ఉండదు, వాటి తర్వాత మిరప వేస్తే సున్నా నుంచి మొదలెట్టినట్టే. నీళ్లు నిలగట్టిన వరి తర్వాత కూడా తగ్గే ఉంటుంది.

ఒక విచిత్రం చెప్పి ముందుకెళ్తా. భాస్వరం ఆకలేసినప్పుడు వేరు ఒక రసాయనం వదిలి బూజుని పిలుస్తుంది. ఈ పిలుపు సంగతి జపాను వాళ్లు 2005లో కనిపెట్టారు. అదే రసాయనాన్ని 1966లోనే పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు, అయితే అప్పటికి తెలిసింది కలుపు మొక్కల గింజల్ని మొలకెత్తిస్తుందని మాత్రమే. మన పొగాకు రైతుల్ని ఏడిపించే మల్లె ఉంది చూశారూ, వేరు మీద పడి పీల్చే ఆ కలుపు జాతి కూడా ఈ పిలుపు వినే మొలుస్తుంది. చుట్టాన్ని పిలిస్తే దొంగ కూడా విన్నాడన్నమాట.

నేల బూజులన్నీ చుట్టాలేం కాదు, ఆ సంగతీ చెప్పాలి. మిరప ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం మట్టిలోదే. కాయకుళ్లు తెచ్చే దాన్ని సైడో అనే ఆయన 1913లో గుర్తించింది మన పాత మద్రాసు రాజధానిలోని కోయంబత్తూరు నుంచి వెళ్లిన మిరప మీదే. వీటికి ఎదురు తిరిగే బూజూ ఉంది. ట్రైకోడెర్మా ఇతర బూజుల్ని పట్టి తింటుందని 1932లో వైండ్లింగ్ రాశాడు. మనం దాన్ని పశువుల ఎరువులో కలిపి చల్లుతున్నాం, మంచిదే. తర్వాత వారానికే మొక్క మొదట్లో శిలీంధ్ర నాశిని పోస్తున్నాం. ఆ మందుకి చుట్టం ఎవరో దొంగ ఎవరో తెలీదు.

ఇక నాణ్యతని చివర్లో తినేసే నేల బూజు ఇంకోటుంది, అది చేలో కాదు, కల్లంలో. 1960లో ఇంగ్లాండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క తిన్నాయి. అందులో ఆస్పర్జిల్లస్ బూజు వదిలిన విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ బూజు ఉండేది మట్టిలోనే. మన తడి కాయ మట్టి కల్లం మీద పోసి, రాత్రి మంచు పడి, పొద్దున కుప్ప విప్పకపోతే అది ఎక్కేస్తుంది. యూరప్ వాళ్లు మిరపకాయకి పెట్టిన హద్దు కిలోకి పది మైక్రోగ్రాములు, అందులో బి-1 రకం ఐదు దాటకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. హద్దు దాటితే ఆ కంటైనర్‌ని వాళ్లు తీసుకోరు, ఆ దెబ్బ రేటు రూపంలో తిరిగి మన యార్డుకే వస్తుంది. నత్రజని ఎక్కువేసిన చేలో ఆకు దట్టంగా పెరిగి, కాయ ఒకేసారి పండక, పచ్చి ఎరుపు కలిసి కోతకొస్తాయి. ఆ తేమ కాయే కల్లంలో ముందు బూజు పడుతుంది. చేలో ఎరువుకీ కల్లంలో బూజుకీ ఉన్న లింకు ఇది. తార్పాలిన్ పట్టా ఖర్చు దగ్గర పిసినారితనం చూపించి, యూరియా దగ్గర ధారాళంగా ఉంటున్నాం.

వ్యామ్ అని సంచుల్లో అమ్ముతున్నారు కదా అది వెయ్యాలా అని అడుగుతున్నారు కొందరు. అది ఈ బూజే. భాస్వరం "ఎక్కువ" ఉన్న చేలో డీఏపీ వేస్తూ పైన అది చల్లితే, కూలోణ్ణి పిలిచి గేటు వేసినట్టే. ముందు కార్డు చూసుకోండి. భాస్వరం "తక్కువ" ఉన్నవాళ్లు సిఫారసు మేరకు వెయ్యాల్సిందే, నా పోస్టు చూసి మానేసి నష్టపోవద్దు.

నేను ఈ ఏడు చేస్తున్నది ఇది. రెండెకరాల్లో ఒక ఎకరానికి డీఏపీ లేదు, ఇంకో ఎకరానికి ఒక్క బస్తా. రెండింట్లో పొటాష్, నత్రజని సిఫారసు ప్రకారమే విడతలుగా. తొలకరికి పిల్లిపెసర చల్లి కలియదున్నా. ట్రే నారుతో పాటు గట్టు పక్కన జొన్న పండిన మట్టితో చిన్న నారుమడి పోశా, నాలుగు సాళ్లు ఆ నారే నాటుతున్నా. జింక్ కార్డు చెప్పినంత వేస్తున్నా, డీఏపీతో కలపకుండా. మొదటి కోతకి ఏ సాలు కాయ ఎలా ఉందో విడివిడిగా ఆరబోసి ఫోటోలు పెడతా, తూకాలు కూడా రాస్తా. మీ కార్డుల్లో భాస్వరం దగ్గర ఏముందో కింద రాయండి, ఊరి పేరుతో సహా.